తడి డ్రమ్ము మూత

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో టేపు తిరుగుతోంది.

"రేపు పదకొండింటికి మూత గట్టిగా బిగించెయ్యాలి," అంది టేపులో కాస్త యాసగా ఉన్న మగ గొంతు. ఆ వెంటనే ఒక ఆడమనిషి దగ్గు. ఒకటి రెండుసార్లు ఖళ్ళుమని ఆగిపోయేది కాదు. ఊపిరి తీసుకోవడానికి సందు కూడా ఇవ్వని దగ్గు, నలభై సెకన్ల పాటు. అది సర్దుకున్నాక మళ్ళీ ఆ మగ గొంతే: "బిగించాక ఇంకెవరూ దాని జోలికి పోకూడదు. అర్థమైందా?"

గూఢచారి డిపార్ట్‌మెంటు చీఫ్ అయిన పెద్దాయన టేపు ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బయట షాపులో రెండొందల కళ్ళజోళ్ళున్నా చీఫ్ కళ్ళకి సరిపోయేది ఒక్కటీ లేదని డిపార్ట్‌మెంటులో అందరూ చాటుగా నవ్వుకుంటారు.

"మధ్యలో ఆ దగ్గు తీసేసి విను," అన్నాడాయన. "మిగతాదంతా మిషన్ల రొద. వినపడేవి రెండే వాక్యాలు."

ఏజెంట్ ముప్పై ఒకటి ఉదయం ఎనిమిది నుంచి ఆ టేపు నాలుగుసార్లు విన్నాడు. నాలుగుసార్లూ అతనికి దగ్గే వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో అతనికి తెలుసు. ఎందుకొచ్చిందో కూడా తెలుసు. పెద్దాయనకీ తెలుసు కానీ ఆయన అలాంటివి తెలిసినా తెలియనట్టుండటంలో ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి.

"మాట్లాడింది తెల్లబూట్లు," అన్నాడు పెద్దాయన. తెల్లబూట్లంటే విదేశీ ముఠా నాయకుడు. మసి, నూనె, రంగు మరకలతో నిండిన ఫ్యాక్టరీలో కూడా తెల్ల బూట్లే వేసుకు తిరుగుతాడు, మిషన్లు అమ్మే కంపెనీ ఇంజినీరునంటూ. "అవతలివాడెవడో తెలీదు. నోరు మెదపలేదు. కిరాయి హంతకుడై ఉంటాడు."

"హంతకుడా సార్?"

"మూత బిగించడం అంటే ఏంటి?"

ముప్పై ఒకటికి మొదటి నెల ట్రైనింగులోనే కంఠతా వచ్చిన కోడు అది. మూత తీయడమంటే మనిషిని మాట్లాడించడం. మూత పెట్టడమంటే నోరు మూయించడం. మూత బిగించడమంటే ఇంకెప్పటికీ లేవకుండా చేయడం. ఆ కోడు పుస్తకం పోయిన ఏడు మాయమై, చేతులు మారి మారి తెల్లబూట్లకి చేరింది.

"మన కాటుక కూడా అదే చెప్పింది," అన్నాడు పెద్దాయన. కాటుక అంటే ముఠాలో ఉంటూ మనకి పనిచేసే మనిషి, లేదా మనలో ఉంటూ ముఠాకి పనిచేసే మనిషి. ఏది ముందో డిపార్ట్‌మెంటు ఇంకా తేల్చుకోలేదు. "ఈరోజు పదకొండింటికి ప్రొఫెసర్ కాన్ఫరెన్స్ హాల్లో మాట్లాడుతున్నాడు. నౌకలకి పూసే ఆ కొత్త కోటింగ్ కనిపెట్టిందే ఆయన. ఆయన పోతే ఫార్ములా పోతుంది, నౌకల ఆర్డరు తెల్లబూట్ల వెనకున్న విదేశీ కంపెనీకి పోతుంది. హాల్లో ఆరుగురిని పెట్టాను. ఏడోవాడివి నువ్వు. పది ముప్పావుకల్లా స్టేజి పక్కనుండాలి."

సామాన్లు చూసే అతను వచ్చి ఒక పెన్ను ఇచ్చాడు. మూత తిప్పితే రాస్తుంది, నొక్కితే పేలుతుంది. పొరపాటున నొక్కి రాయబోయిన ఏజెంట్ ఒకడు ఇప్పుడు ఎడమ చేత్తో సంతకం పెడుతున్నాడు.

"సార్, ఆ మనిషి ఎలా ఉంది?"

"ఏ మనిషి?"

"దగ్గిన మనిషి."

"సోర్సా? నిన్న సాయంత్రం ఆస్పత్రిలో చేర్పించారట. నువ్వటు వెళ్ళకు. నీ వేషం బయటపడుతుంది."

అతను తలూపి బయటికొచ్చాడు. టైము తొమ్మిది దాటింది. కాన్ఫరెన్స్ హాలుకి వెళ్ళాలంటే కుడివైపు తిరగాలి. కాళ్ళు ఎడమవైపు తిరిగాయి.

ఎడమవైపు ఎందుకు తిరిగాయో చెప్పాలంటే ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో నౌకల ట్యాంకులకి లోపల పూసే కోటింగ్ చేస్తారు. రెండు ద్రవాలు. ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. విడివిడిగా ఉన్నంతసేపూ రెండూ జిగట నీళ్ళే. కలిపితే మాత్రం హార్డెనర్ అణువులు రెసిన్ అణువులను పట్టుకుని ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోతాయి. క్రాస్‌లింకింగ్ అంటారు. కొన్ని గంటల్లో అది రాయిలా గట్టిపడుతుంది. ఆ హార్డెనర్లో ఉండేది ఐసోసయనేట్. దానికి రెసిన్ అనీ, నీళ్ళనీ, మనిషి ఊపిరితిత్తి అనీ తేడా లేదు. ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది.

ముప్పై ఒకటి ఆ ఫ్యాక్టరీలోకి సేఫ్టీ ఆఫీసరు వేషంలో వెళ్ళాడు. ఆ ద్రవాల ప్రమాదాలూ జాగ్రత్తలూ చెప్పే పదహారు పేజీల సేఫ్టీ షీటు రైల్లో బట్టీ పట్టాడు. మీసం పెంచాడు, పసుపు హెల్మెట్ పెట్టాడు, అందరికీ సేఫ్టీ సారు అయిపోయాడు. తెల్లబూట్లు ఎక్కువగా తచ్చాడేది మిక్సింగ్ గదిలో. ఆ గదిలో మైకు ఎక్కడ పెట్టినా రంగు పడి పాడైపోతోంది. పాడవకుండా, రోజంతా గదిలో తిరిగే వస్తువు ఒక్కటే ఉంది. అక్కడ ద్రవాలు కలిపే, అందరూ మిక్సింగ్ అక్క అని పిలిచే ఆమె ముఖానికుండే మాస్కు.

ఆ మాస్కుకి రెండు పక్కలా రెండు బిళ్ళలుంటాయి. వాటిలో నల్లటి బొగ్గు రవ్వ. హార్డెనర్ ఆవిరిని అదే పట్టి ఉంచుతుంది. ముప్పై ఒకటి ఒక బిళ్ళలో బొగ్గు తీసేసి ట్రాన్స్‌మిటర్ పెట్టాడు. ప్రతి సోమవారం బిళ్ళలు మార్చే డ్యూటీ సేఫ్టీ సారుదే కాబట్టి ప్రతి సోమవారం కొత్త బిళ్ళలోనూ బొగ్గు తీసి మైకు పెట్టి, తన చేతుల్తోనే బిగించి ఇచ్చాడు. "థాంక్స్ సారూ," అనేది అక్క. ఆ మాట అతని చెవిలో ఇప్పటికీ ఉంది. ఎవరైనా తిట్టిన మాటలు గుర్తుండిపోతాయంటారు గానీ, చేయని మేలుకి చెప్పిన థాంక్స్ అంతకన్నా గట్టిగా పట్టుకుంటుంది.

అతనికి తెలియక చేశాడా అంటే అదీ లేదు. షీటు నాలుగో పేజీలో ఉంది, ఈ ఆవిరి ముక్కుకి తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుందని. అతను అది బట్టీ పట్టాడు. బట్టీ పట్టడమంటే పెదాలకి తెలియడమే గదా.

*

ఆస్పత్రి ఫ్యాక్టరీకి ఎదురుగానే ఉంది. మధ్యలో రోడ్డొకటే అడ్డం.

రెండో అంతస్తులో, రోడ్డు వైపు వార్డులో, మూడో మంచం మీద అక్క తలగడలకి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. పడుకుంటే ఊపిరాడటం లేదట. పక్కనే స్టూలు మీద అక్క వాళ్ళ అత్తగారు ఎక్స్‌రే కవరుతో విసురుతోంది.

"రా నాయనా, కూర్చో," అంది అత్తగారు, స్టూలు మీంచి లేచి. "కంపెనీ నుంచి వచ్చిన మొదటి మనిషివి నువ్వే. మా కోడలు చెప్తూనే ఉంటుంది, సేఫ్టీ సారు ఎంత మంచాయనో, సోమవారం వస్తే తనే మాస్కుకి బిళ్ళలు మార్చిస్తాడని."

అతనికి తల కొట్టేసినట్టయింది. కూర్చోలేదు.

"డాక్టరు ఏమన్నారండీ?"

"ఇంక ఆ మందు గాలి సోకకూడదంట. మనకైతే కాస్త కళ్ళు మండి ఊరుకుంటుంది, దీనికి మాత్రం పిసరంత తగిలినా ఊపిరి మూసుకుపోతుందంట. ఒంట్లో ఒకసారి పగ పట్టిందంటే ఇంక జన్మలో వదలదంట. పదకొండేళ్ళు చేసిన పని, ఇప్పుడు గేటు దగ్గరికి కూడా పోకూడదు." అత్తగారు విసరడం ఆపి కోడలి వైపు చూసింది. "ఇంట్లో నన్ను సాధించడానికే కూర్చుంటుంది కాబోలు ఇంక."

అక్క నవ్వబోయి ఆయాసపడింది. అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"సారూ, నేనే ఎవరితోనైనా కబురు పెడదామనుకుంటున్నా. ఆ తడి డ్రమ్ము..." ఊపిరి కోసం ఆగింది. "నిన్న ఆ తెల్లబూట్లాయన వచ్చి... డ్రమ్ములు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బాబాయ్‌తో చెప్తున్నాడు. యార్డులో ఉన్న డ్రమ్ము కొత్త సరుకంట. మూత బిగించి వేడిగదిలో పెట్టాలంట. అది కొత్త సరుకు కాదు సారూ. మేం హార్డెనర్ పాత్రలు కడిగిన నీళ్ళు పోసిన డ్రమ్ము. నా చేత్తో పోశా. పైన లేబులు ఎవరో మార్చారు."

"బాబాయ్‌కి చెప్పలేదా మీరు?"

"చెప్పబోయా. 'అది తడి డ్రమ్ము' అందామనుకునేలోపే దగ్గొచ్చేసింది. ఇంక ఆగితేగా. నేను తేరుకునేసరికి బాబాయ్ తలూపి వెళ్ళిపోయాడు."

డిపార్ట్‌మెంటు మొత్తం రాత్రంతా కూర్చుని పీకి పాకం పెట్టిన టేపులో, అందరూ తీసేసి వినమన్న నలభై సెకన్లలోనే ఉంది అసలు సమాచారం. అది మాట కాలేకపోయింది. కాకుండా చేసింది అతనే.

షీటు పదకొండో పేజీ, మూడో పేరా. హార్డెనరుకి నీళ్ళు తగిలితే లోపల గ్యాసు పుడుతుంది. అందుకే తడి డ్రమ్ముకి మూత ఎప్పుడూ బిగించకూడదు, వదులుగా పెట్టి రెండు రోజులు ఆరుబయట వదిలెయ్యాలి. బిగిస్తే ఉబ్బుతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా ఉబ్బుతుంది. ఆ తర్వాత పేలుతుంది. సరుకు గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచే ఆ వేడిగదిలో దాని చుట్టూ రెండొందల డ్రమ్ముల హార్డెనరుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మొదటి వారం సేఫ్టీ క్లాసులో ఈ అక్కే చెయ్యెత్తి అడిగింది, "తడి డ్రమ్ముకి బిగించకూడదు కదా సారూ?" అని. అప్పుడతను కిటికీలోంచి కారు దిగుతున్న కాటుకని గమనిస్తున్నాడు. "ఏ డ్రమ్ముకైనా సరే, మూత గట్టిగా బిగించాల్సిందే," అని చెప్పి పేజీ తిప్పేశాడు.

అతను కిటికీ వైపు చూశాడు. రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల గోడ, గోడ అవతల వేడిగది రేకుల కప్పు. గాలి అటునుంచి ఇటే వీస్తోంది. కర్టెను లోపలికి ఊగుతోంది. ఆ డ్రమ్ము పేలితే ఫ్యాక్టరీలో ఎందరు పోతారో తెలీదు. ఈ మంచం మీద మనిషి మాత్రం తప్పకుండా పోతుంది.

"అమ్మా, ఈ కిటికీలన్నీ మూయించండి," అన్నాడు అత్తగారితో. "అక్కని వెనకవైపు వార్డుకి మార్చమనండి. ఒప్పుకోకపోతే గొడవ పెట్టుకోండి."

"గొడవ సంగతి నాకొదిలెయ్ నాయనా," అంది అత్తగారు, చీరకొంగు బిగించి.

నర్సుల కౌంటరులో ఫోను తీసుకుని కళ్ళద్దాల దుకాణానికి చేశాడు.

"సార్, అది కోడు కాదు. మూత అంటే మూతే."

"మూత అంటే మూతేనా? ఏ కోడులో?"

"తెలుగులో సార్."

"ముప్పై ఒకటీ, హాలుకి వెళ్ళు. ఇది ఆర్డరు," అన్నాడు పెద్దాయన.

అతను ఫోను పెట్టేశాడు. పదహారేళ్ళ ఉద్యోగంలో ఆర్డరు మధ్యలో ఫోను పెట్టెయ్యడం అదే మొదటిసారి. అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర గేటాయన ఆపాడు.

"హెల్మెట్ లేకుండా లోపలికి లేదు సార్. మీరే పెట్టిన రూలు."

హెల్మెట్ పెట్టుకున్నాడు. రిజిస్టర్లో సంతకం చెయ్యమన్నాడు గేటాయన. జేబులో పెన్ను తీసి, దాన్ని చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టేసి, గేటాయన పెన్నుతోనే సంతకం చేశాడు. గోడ గడియారంలో పది ఇరవై ఎనిమిది. ఇంకా అరగంట ఉందనుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఫోర్క్‌లిఫ్ట్ బాబాయ్ యార్డులో బండి మీద కూర్చుని బీడీ లేకుండా బీడీ తాగుతున్నవాడిలా పెదాలు కదుపుతున్నాడు. సేఫ్టీ సారు వచ్చాక యార్డులో బీడీ బందు.

"బాబాయ్, ఆ డ్రమ్ము ఎక్కడుంది? తెల్లబూట్లాయన చెప్పింది."

"అదా సార్. పదకొండింటికి చెయ్యమన్నాడు. పదకొండింటికి టీ కదా? అందుకని తొమ్మిదిన్నరకే బిగించి వేడిగదిలో పెట్టేశా."

"అది తడి డ్రమ్ము బాబాయ్."

బాబాయ్ మెల్లగా బండి దిగాడు. "లోపల కాస్త తొణుకుతోంది ఏంటా అనుకున్నా సార్. అనుమానం వచ్చింది. కానీ మీరే కదా చెప్పింది, ఏ డ్రమ్ముకైనా సరే మూత గట్టిగా బిగించాల్సిందేనని. సేఫ్టీ సారు చెప్పాక ఇంక నాకెందుకులే అనుకున్నా."

"తప్పు చెప్పాను బాబాయ్," అన్నాడు ముప్పై ఒకటి. "నాదే తప్పు. నువ్వెళ్ళి మిక్సింగ్ గది, ప్యాకింగ్, క్యాంటీను, అందరినీ వెనక గేటు గుండా గాలికి ఎదురుగా పంపించెయ్. తర్వాత నీళ్ళ పైపు పట్టుకుని తలుపు బయట నిలబడు. లోపలికి మాత్రం రావద్దు."

వేడిగది పక్కనే ఒక చిన్న ఆఫీసు గది. ఆ గదిలో కుర్చీలో కాలు మీద కాలేసుకుని కాటుక కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు, మెడలో పట్టు స్కార్ఫ్, గదంతా నిండిపోయిన సెంటు, నాలుగంగుళాల మడమల చెప్పులు. ఆ చెప్పుల గురించి అతను ఇప్పటికి రెండుసార్లు వార్నింగ్ రాశాడు.

"మీరు ప్రొఫెసర్ దగ్గర ఉండాలి కదా," అంది. ఆమె చేతిలో చిన్న పిస్తోలు కనిపించింది. దాన్ని ఎటూ గురిపెట్టలేదు, అలా ఒడిలో పెట్టుకుంది.

"మీరెందుకున్నారిక్కడ?"

"ఇక్కడ ఉండమన్నారు. పదకొండింటికి హాల్లో పని అయిపోగానే ఇక్కడికి ఫోను వస్తుంది. రెండింటిదాకా కదలొద్దన్నారు."

"ఎవరు, తెల్లబూట్లేనా? ఆయనెక్కడ?"

"ఇప్పుడే బయల్దేరాడు. ఎందుకు?"

"హాల్లో ఏ పనీ లేదు. మూత బిగించింది మనిషికి కాదు, డ్రమ్ముకి. ఈ గోడ అవతల ఉంది. రెండింటికి షిఫ్టు మారేటప్పుడు పేలి ఫ్యాక్టరీ పోవాలని, ఆర్డరు తన కంపెనీకి రావాలని ఆయన లెక్క. మిమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టి వెళ్ళాడు."

కాటుక కళ్ళద్దాలు తీసింది. గోడ వైపు చూసింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల్నుంచి టంగుమని ఒక చప్పుడు వచ్చింది. లోపల గాలి నిండి రేకు పొంగినప్పుడు వచ్చే చప్పుడు.

"మీరసలు ఏ వైపండీ?" అని అడిగాడతను. ఏడాదిగా డిపార్ట్‌మెంటంతా తల బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్న.

"ప్రస్తుతానికి తలుపు వైపు," అని లేచింది కాటుక.

షీటు పదకొండో పేజీలో నాలుగో పేరా కూడా ఉంది. ఉబ్బిన డ్రమ్ము దగ్గరికి ఎవరూ పోకూడదు, ఉన్నవాళ్ళందరూ దూరంగా వెళ్ళిపోవాలి, తెలిసినవాళ్ళు వచ్చి చూస్తారు. అది మంచి సలహా. పాటించాల్సిన సలహా. కానీ వాళ్ళు వచ్చేదాకా డ్రమ్ము ఆగుతుందో లేదో, ఈలోపు ఆ కిటికీ మూశారో లేదో అతనికి తెలీదు.

వేడిగది స్విచ్చి కట్టేశాడు. ఆ తర్వాత అతను చేసిన పనికి గూఢచారుల చరిత్రలో ఎవరూ ఇంత టైము ఖర్చుపెట్టి ఉండరు. గ్లౌజులు తొడిగాడు. వాటిలో చిల్లులున్నాయేమోనని గాలి ఊది చూసి మళ్ళీ తొడిగాడు. ఏప్రన్ కట్టాడు. బూట్లు మార్చాడు. తలంతా కప్పే హుడ్ తగిలించుకున్నాడు. ఆ హుడ్‌కి ఒక పొడుగాటి గొట్టం, గొట్టం చివర బయట వరండా అవతల మంచిగాలి యంత్రం. అక్కడ ఒక వాల్వు. ఆ వాల్వు దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. గొట్టం మెలిపడకుండా చూడాలి. బాబాయ్ నీళ్ళ పైపు దగ్గరున్నాడు. మిగిలింది ఒక్కరే.

"వాల్వు కదపకండి," అన్నాడు. "అది కడితే లోపల నేను..."

"తెలుసు," అంది కాటుక. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వాల్వు దగ్గరికి నడిచింది.

పేలే పెన్ను వరండాలోనే వదిలేశాడు. అలాంటి గదిలో దాన్ని మోసుకెళ్ళేవాడికి సేఫ్టీ సారు వేషం కూడా దండగే.

లోపల వరసల మధ్య నడుస్తుంటే హుడ్‌లో తన ఊపిరి చప్పుడు తనకే వినిపించింది. గాలి వస్తోంది. ఇంకొక అడుగు. వస్తోంది. ప్రతి అడుగుకీ అతనికి ఒకటే ధ్యాస: ఆమె వాల్వు తిప్పేస్తే? ఆమెకి వచ్చే నష్టమేముంది? అప్పుడు తగిలింది, ప్రతి సోమవారం మిక్సింగ్ అక్క ఆ మాస్కు ముఖానికి తొడుక్కుని తన ఊపిరిని ఎవరి చేతిలో పెట్టిందో. తనకి కనీసం అనుమానించే అవకాశం ఉంది. ఆ పిచ్చితల్లికి అదీ లేదు. హుడ్‌లో కళ్ళు మసకబారాయి. తుడుచుకోవడానికి వీల్లేదు.

డ్రమ్ము మూడో వరసలో ఉంది. పళ్ళెంలా చదునుగా ఉండాల్సిన పైభాగం బోర్లించిన గిన్నెలా పొంగింది. అడుగు కూడా పొంగినట్టుంది, నేల మీద నిలకడగా లేదు. తలుపు బయట్నుంచి బాబాయ్ నీళ్ళు కొడుతున్నాడు, రేకు మీద పడి పొగలు వస్తున్నాయి. ముప్పై ఒకటి దాని మీదికి వంగలేదు. పక్కకి నిలబడి, పొడుగు కాడ ఉన్న ఇత్తడి రెంచీని చిన్న మూతకి తగిలించాడు. మూత మీద తడి గోనె కప్పాడు. పావు చుట్టు తిప్పాడు.

ఏమీ కాలేదు. బాబాయ్ నిజంగానే గట్టిగా బిగించాడు. సేఫ్టీ సారు చెప్పాడుగా మరి.

బరువంతా వేసి మళ్ళీ తిప్పాడు. డ్రమ్ము టంగుమంది, పక్కకి ఒరిగింది. అయిపోయిందనుకున్నాడు. అతనికి దేశం గుర్తురాలేదు, డిపార్ట్‌మెంటు గుర్తురాలేదు. కర్టెను గుర్తొచ్చింది. అంతలో రెంచీ కింద మూత కిర్రుమని కదిలింది. గోనె కింద నుంచి పాము బుస కొట్టినట్టు గ్యాసు తన్నుకొచ్చింది.

ఇంకో పావు చుట్టు తిప్పలేదు. వదులైనంత చాలు. అది బుస కొట్టి కొట్టి, మెల్లగా నీరసించి, పొంగిన రేకు ఎనిమిది నిమిషాలకి టప్పుమని లోపలికి దిగింది. ఆ ఎనిమిది నిమిషాలూ గొట్టంలో గాలి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

బయటికి వచ్చి చూస్తే వాల్వు దగ్గర ఎవరూ లేరు. వాల్వు కదలకుండా పట్టు స్కార్ఫ్‌తో ముడివేసి ఉంది. ముఠా మనుషుల జాబితా ఒకటి మడిచి ఆ ముడిలో దోపి ఉంది.

తెల్లబూట్లు గేటు దగ్గరే దొరికాడు. పారిపోలేక కాదు. విజిటర్ హెల్మెట్ ఎక్కడో పారేసి వచ్చాడు, అది వాపసివ్వందే బయటికి పంపనని గేటాయన గేటుకి తాళం వేసి కూర్చున్నాడు. నలభై నిమిషాలు వాదించాడట.

కాన్ఫరెన్స్ హాల్లో ఆరుగురు ఏజెంట్లు ప్రొఫెసర్ గారి ఉపన్యాసం గంటన్నర సేపు కంటిమీద రెప్పవేయకుండా విన్నారు. వాళ్ళకి మెడల్ ఇవ్వాలని పెద్దాయన సిఫారసు చేశాడు.

*

"నువ్వు చేసింది ఆర్డరు ధిక్కారం. అయినా ఫలితం బాగుంది కాబట్టి వదిలేస్తున్నాను," అన్నాడు పెద్దాయన సాయంత్రం. "రేపటికి రిపోర్టు రాసివ్వు. మైకు సంగతి రహస్యం. ఆ సోర్సుకి తెలియకూడదు."

"సరే సార్," అన్నాడు ముప్పై ఒకటి. రిపోర్టు రాసి జేబులో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే నేరుగా ఆస్పత్రికి వెళ్ళి ఆమెకి చెప్పేశాడు.

అత్తగారు గొడవపడి సంపాదించిన వెనక వార్డులో, స్టూలు మీద కూర్చుని, మీసం లేకుండా, తలదించుకుని చెప్పాడు. తాను సేఫ్టీ ఆఫీసరు కాదని. బిళ్ళలో బొగ్గు తీసి మైకు పెట్టానని. ఆవిరి సంగతి తెలిసే పెట్టానని. దేశం కోసం అనే మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆక్సిజన్ గొట్టం చూశాక అది పైకి రాలేదు.

అత్తగారు విసరడం ఆపేసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. తన స్టూలు అతని కిందుంది, లెమ్మని కూడా అనలేదు. ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని మంచం చివర కూర్చుండిపోయింది.

అక్క చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఈ వార్డు నుంచి ఫ్యాక్టరీ కనపడదు.

"ఒక పక్క బరువు తక్కువున్నట్టు నాకు తెలిసింది సారూ," అంది. "పదకొండేళ్ళుగా పెట్టుకుంటున్న మాస్కు కదా. అడుగుదామనుకున్నా. సారు చేత్తో పెట్టిచ్చింది, మళ్ళీ అనుమానించడం బాగోదని ఊరుకున్నా."

అక్క అతని వైపు తిరిగింది.

"ఎన్ని రోజులు?"

"ఆఁ?"

"బొగ్గు లేకుండా నేను ఎన్ని రోజులు పెట్టుకున్నా?"

జేబులోంచి రిపోర్టు తీసి చూశాడు. చూడక్కర్లేదు, తెలుసు. ఆమె కళ్ళలోకి చూడటం కన్నా కాగితంలోకి చూడటం తేలికని తీశాడు. "పంతొమ్మిది రోజులు."

అక్క వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. మధ్యలో ఆయాసం వస్తే ఆగి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఇరవై," అంది. "రెండో ఆదివారం ఓవర్‌టైముకి వచ్చా. మీరు సెలవు. దిద్దుకోండి."

అత్తగారు తలగడ పక్కనున్న పెన్సిలు తీసి అతని చేతికిచ్చింది. పదహారేళ్ళ ఉద్యోగంలో అతను రాసిన రిపోర్టులన్నిట్లోనూ నిజమని గట్టిగా చెప్పగలిగిన అంకె అదొక్కటే. ఆ ఒక్క అంకెనీ పెద్దాయన మర్నాడు, అనవసరమైన వివరమని, ఎర్ర సిరాతో కొట్టేశాడు.